పొగడ్త గడి, ఎగతాళి గడి

మా పాతగరువు పురపాలక సంఘంలో నేను సీనియర్ అసిస్టెంటును. పేరు బెహరా దక్షిణామూర్తి. మీరెప్పుడైనా మా ఆఫీసులో అర్జీ పెట్టుకుని ఉంటే నా రచన తప్పకుండా చదివే ఉంటారు. 'తమ అర్జీ పరిశీలనలో ఉన్నది. తగు చర్య తీసుకొనబడును' అన్న రెండు వాక్యాలూ నావే. ఇరవై ఆరేళ్లుగా అవే రాస్తున్నాను, ఒక్కసారి కూడా అక్షరం మార్చలేదు. ఈ ఊళ్లో ఇంతమంది చేత చదివించిన రచయిత ఇంకొకడు లేడని నాలో నేనే మురిసిపోతుండేవాణ్ణి. తగు చర్య ఏమిటని ఎవరూ అడగలేదు కనుక నేనూ ఆలోచించలేదు.

అలా నల్లేరు మీద బండిలా సాగిపోతున్న నా ఉద్యోగంలోకి ఎగతాళి వచ్చిపడింది. మొదట అది నా మీద కాదు, కమిషనర్ గారి మీద.

కమిషనర్ నందివాడ ప్రభాకర్ గారు మనిషి మంచివారు. మార్కెట్ దగ్గర కొత్త చేతిపంపు ప్రారంభించి, పంపు కొడుతూ ఫొటో దిగారు. ఆ ఫొటోలో ఆయన నవ్వు ఉంది, మెడలో బంతిపూల దండ ఉంది, వెనక ముప్ఫై మంది చప్పట్లు ఉన్నాయి. పంపులోంచి నీళ్లు మాత్రం రావడం లేదు. ఆ సంగతి చూసుకోకుండా ఫొటోని మా పురపాలక సంఘం పేజీలో పెట్టేశాం. మధ్యాహ్న భోజనాలయ్యేసరికి దాని కింద నాలుగు వందల వ్యాఖ్యలు పడ్డాయి. 'కామెడీ పీస్' అన్నారొకరు. 'ఓవరాక్షన్ తగ్గించు సామీ' అన్నారు ఇంకొకరు. ఎవరో పంపు తీసేసి ఆయన చేతిలో గిటారు పెట్టారు. ఆ గిటారు ఫొటో ఊరంతా తిరిగి తిరిగి, సాయంత్రానికి స్వయానా ఆయన మరదలి ఫోన్‌లోంచి ఆయన ఫోన్‌లోకే వచ్చింది.

సరిగ్గా అదే వారం పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. ఇకమీదట ప్రతి పురపాలక సంఘానికీ 'ప్రజాభావ సూచిక' ఉంటుందట. జనం తమ పురపాలక సంఘాన్ని ఎంత పొగుడుతున్నారు, ఎంత వెక్కిరిస్తున్నారు అని లెక్కతీసి, పొగడ్తలోంచి వెక్కిరింత తీసివేయగా మిగిలినదాన్నిబట్టి జిల్లాలో స్థానం ఇస్తారట. రోడ్లు, దీపాలు, నీళ్లు, చెత్త అనే పాత కొలతలు రద్దయిపోయాయి.

మర్నాడు కమిషనర్ గారు అందరినీ పిలిచి సమావేశం పెట్టారు.

"మనం సేవ చేస్తున్నామా లేదా అనేది ద్వితీయాంశం" అన్నారాయన. "ఆ సేవ ఏ భావంతో స్వీకరించబడుతోంది అనేది ప్రథమాంశం. ఇకపై మన కార్యాలయం భావాధారిత పాలనలోకి అడుగుపెడుతోంది."

అందరం చప్పట్లు కొట్టాం. భావాధారిత పాలన అంటే ఏమిటో నాకు తెలియలేదు గాని, 'స్వీకరించబడుతోంది' అనే మాట నా చెవికి ఇంపుగా తగిలింది. ఆ ఆనందం నా ముఖంలో కనబడినట్టుంది, ఆయన నన్నే ఆ విభాగానికి ఇన్‌చార్జిని చేశారు. తెలుగు వచ్చినవాడు ఆఫీసులో నువ్వొక్కడివే కదా అన్నారు. నిజమే కదా అని నేనూ ఒప్పుకున్నాను.

తీరా కూర్చుని ఆ నాలుగు వందల వ్యాఖ్యలూ చదివితే నాకు సగం అర్థం కాలేదు. 'ఊర మాస్' అంటే తిట్టో దీవెనో తేల్చుకోలేక ఒక పూటంతా బుర్ర గోక్కున్నాను. ఛందస్సు చదువుకున్నవాణ్ణి, 'వేరే లెవెల్' దగ్గర చతికిలపడ్డాను. అప్పుడు నన్ను ఆదుకున్నవాడు మా అటెండర్ పోలినాయుడు.

పోలినాయుడికి యాభై ఆరేళ్లు. నెత్తిమీద వెంట్రుక లేదు, నోట్లో రెండు పళ్లు లేవు. ఆఫీసులో ఫైళ్లు మోయడం ఆయన ఉద్యోగం. బయట మాత్రం ఆయన ఒక సినిమా హీరో అభిమానుల పేజీకి పెద్దదిక్కు. నలభై వేలమంది ఆయన రాసే మాటకోసం కాచుకుని ఉంటారట. ఆ సంగతి నాకు ఆరోజే తెలిసింది. ఇరవై ఏళ్లుగా నాకు టీ తెచ్చిస్తున్న మనిషికి నాకంటే పాఠకులు ఎక్కువన్న మాట జీర్ణించుకోవడానికి కొంచెం టైమ్ పట్టింది.

"గురువుగారూ, ఇందల రెండే రెండు పన్లు" అని ఆయన నాకు పాఠం మొదలుపెట్టాడు. "మనోడైతే లేపడం, ఎదుటోడైతే దించడం. లేపడానికి జాకీలెయ్యాల. దించడానికి గాలి తియ్యాల. ఆడేటి సేసినాడన్నది మనకి అనవసరం."

వారం రోజులు ఆయన దగ్గర శిష్యరికం చేశాను. తోపు, తురుము, కేక, రచ్చ, ఇరగదీశాడు, కుమ్మేశాడు, గూస్‌బంప్స్ అనేవి లేపే జాతి. ఎర్రిపప్ప, కామెడీ పీస్, బిల్డప్, సోది, డప్పు బ్యాచ్ అనేవి దించే జాతి. ఒక్కొక్క మాటకూ ఎన్ని మార్కులివ్వాలో ఇద్దరం వాదించుకుని నిర్ణయించాం. తోపుకి నాలుగు, ఊర మాస్‌కి ఎనిమిది. ఎర్రిపప్పకి మైనస్ ఆరు. నేను దానికి పీఠిక రాసి, 'పొగడ్తాత్మక మరియు అవహేళనాత్మక వ్యక్తీకరణల అధికారిక పట్టిక' అని పేరు పెట్టాను. రెండు గడుల నమూనా నేనే గీశాను. ఎడమవైపు పొగడ్త, కుడివైపు ఎగతాళి. అర్జీ అయినా, వ్యాఖ్య అయినా ఆ రెండింటిలో ఏదో ఒక గడిలో పడాలి. పడకపోతే కంప్యూటర్ తీసుకోదు.

"ఉత్తినే ఇసయం సెప్పీవోడు ఉంటే?" అని పోలినాయుడు ఒకసారి అడిగాడు.

నేను నవ్వాను. పొగడకుండా, వెక్కిరించకుండా ఊరికే విషయం చెప్పేవాడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడయ్యా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖంలో ఎంతో లోకజ్ఞానం ఉట్టిపడి ఉంటుంది. ఇప్పుడు తలుచుకుంటే లెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

పట్టిక మీద కమిషనర్ గారి సంతకం పడిన దగ్గర్నుంచి ఆఫీసు తీరే మారిపోయింది. పొగడ్త గడిలో పడినవారికి ధన్యవాద పత్రం పంపేవాళ్లం. ఎగతాళి గడిలో పడినవారికి సమాధానం చెప్పడానికి పైఅంతస్తు హాల్లో 'ప్రతిస్పందన దళం' ఏర్పాటైంది. దళానికి మనుషులు కావాలి. కొత్తవాళ్లని తీసుకోవడానికి వీల్లేదు కనుక ఉన్నవాళ్లనే పైకి పంపారు. ఫిట్టర్లు ముగ్గురిలో ఇద్దరు, వీధి దీపాల లైన్‌మన్, దోమలమందు కొట్టే మనిషి అందులో చేరారు. అందరికీ తలా ఒక ఫోనూ ఒక కుర్చీ ఇచ్చారు. మూడో ఫిట్టర్ సెలవులో ఉన్నాడు. ఇప్పుడు పైపు పగిలితే ఎవరు వెళ్తారని ఇంజనీరు గారు అడిగితే, పైపు పగిలిందని ఎవరైనా వ్యాఖ్య రాస్తే దానికి సమాధానం చెప్పడానికి ఇద్దరున్నారు కదా అన్నారు కమిషనర్ గారు.

పద్ధతి కౌన్సిల్ దాకా పాకింది. ఆ నెల సమావేశానికి మినిట్స్ రాసుకోవడానికి నేను వెళ్లాను. మాట్లాడే మాటకి మార్కులుంటాయని సభ్యులకి అప్పటికే తెలిసిపోయింది. అధికారపక్షం వాళ్లు లేచి తమ ఛైర్మన్ గారిని లేపారు. ప్రతిపక్షం వాళ్లు లేచి ఆయన్ని దించారు. 'ఛైర్మన్ గారు బడ్జెట్ చదువుతుంటే గూస్‌బంప్స్' అని ఒక కౌన్సిలర్ చెయ్యి చాపి వెంట్రుకలు చూపించాడు. 'నీ డప్పు ఆపు' అని ఇంకొకాయన బల్ల చరిచాడు. పధ్నాలుగో అంశం బట్టీవీధి తాగునీటి పైపు మార్పు. దాని పేరు చదవగానే అధికారపక్షం వాళ్లు 'మా ఛైర్మన్ తురుము' అన్నారు, అటువైపు వాళ్లు 'మీ ఛైర్మన్ బిల్డప్' అన్నారు, పదిహేనో అంశం వచ్చేసింది. మినిట్స్‌లో నేను 'పొగడ్తలు ఇరవై ఏడు, ఎగతాళులు ముప్ఫై ఒకటి. పధ్నాలుగో అంశం మీద ఉత్సాహభరితమైన చర్చ జరిగినది' అని రాశాను. అంత చక్కటి వాక్యం పడినందుకు ఆరోజు ఇంటికి వెళ్తూ జిలేబీ కూడా కొనుక్కున్నాను.

ఆ తర్వాతి సోమవారం నా బల్ల మీదకి ఒక అర్జీ వచ్చింది.

'బట్టీవీధి కుళాయిలో మురుగు కలిసిన నీళ్లు వస్తున్నాయి. కల్వర్టు కింద పైపు పగిలింది. మా అంగన్‌వాడీలో పందొమ్మిది మంది పిల్లలున్నారు. పైపు మార్చాలి. ఇట్లు, నూకరత్నం, అంగన్‌వాడీ కార్యకర్త.'

అంతే. పట్టిక ముందు పెట్టుకుని రెండుసార్లు వెతికాను. ఒక్క తోపు లేదు, ఒక్క ఎర్రిపప్ప లేదు. ఎడమ గడిలో వెయ్యబోతే కంప్యూటర్ సున్నా అంది, కుడి గడిలో వెయ్యబోతే మళ్లీ సున్నా అంది. చేసేదిలేక 'భావము తెలియపరచి తిరిగి సమర్పించగలరు' అని రాసి వెనక్కి పంపించాను.

ఆవిడ మర్నాడే వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, అంగన్‌వాడీ వాళ్లు కట్టుకునే చీర, చంకలో హాజరు పుస్తకం. నిలబడే మాట్లాడింది.

"భావం రాయమన్నారట. అదేటండి బాబూ?"

నేను ఓపిగ్గా వివరించాను. మీ అర్జీ చదివితే మీరు కమిషనర్ గారిని మెచ్చుకుంటున్నారో, వెక్కిరిస్తున్నారో తెలియడం లేదు, ఏదో ఒకటి తెలిసేలా రాయండి అన్నాను.

"నాకు కోపమూ నేదు, సంబరమూ నేదు. నీల్లు బాగోలేవు. అదే రాసినాను."

"దానికి గడి లేదమ్మా" అన్నాను.

ఆవిడ సంచిలోంచి ఒక సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. పలచటి టీ రంగులో ఉన్నాయి నీళ్లు, అడుగున నల్లటి మడ్డి. మూత తీసి, దీనికి ఏ గడో మీరే చెప్పండి అంది. నేను ముక్కు మూసుకున్నాను. వాసన ఘాటుగానే ఉంది గాని, వాసనకి మార్కులివ్వాలని మా పట్టికలో లేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ నావంక చూసిన చూపుకి నేను కళ్లు దించుకుని స్టాంపు ప్యాడ్ సర్దుకున్నాను.

పోలినాయుడికి మనసాగలేదు. ఆవిడని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, పొగడ్త గడిలో వేస్తే త్వరగా పైకి వెళ్తుందని నచ్చజెప్పి, తనే రాసిపెట్టాడు. 'మా కమిషనర్ సార్ ఊర మాస్. బట్టీవీధిలో కుళాయి తిప్పితే వేరే లెవెల్. ఆ రంగు కేక, ఆ వాసనకి గూస్‌బంప్స్. సార్ వచ్చి ఒక్క గ్లాసు తాగితే వీధి దద్దరిల్లిపోద్ది.' ఆవిడ వద్దు వద్దంటూనే సంతకం పెట్టింది. కంప్యూటర్ దానికి ముప్ఫై ఒక్క మార్కులిచ్చింది. మా ఆఫీసు చరిత్రలో ఒక్క అర్జీకి అన్ని మార్కులు రావడం అదే మొదలు. కమిషనర్ గారు దాన్ని రెండుసార్లు చదివి, ఈ వీధి ప్రజలు మన గుండె చప్పుడు విన్నారయ్యా అన్నారు.

నాలుగో రోజు బట్టీవీధి మొదట్లో 'సంతృప్తి వీధి' అని బోర్డు వెలిసింది. సంతృప్తి చెందిన వీధిలో మరమ్మతులు చెయ్యకూడదని సర్క్యులర్‌లో ఉంది. అందుకని ఆ వీధి పైపు పనిని జాబితాలోంచి తీసేశారు. తీసేస్తూ గీత గీసింది నా చెయ్యే.

పొగడ్త పనికిరాలేదని వీధిలోని తల్లులు రెండో గడి పట్టుకున్నారు. 'కమిషనర్ కామెడీ పీస్, ఆయన బోర్డు సోది, మా పిల్లలు తాగే నీళ్లు చూసి మాట్లాడండి' అని పేజీలో రాశారు. చివరి వాక్యానికి మార్కులు లేవు కనుక మిగతాది మాత్రం తీసుకుని ఎగతాళి గడిలో వేశాం. అది నేరుగా పైఅంతస్తుకి వెళ్లింది. అక్కడ ఆరోజు డ్యూటీలో ఉన్నది ఫిట్టర్ సూర్రావు. పన్నెండేళ్ల కిందట ఆ వీధిలో పైపు వేసింది అతనే. రెంచీ పట్టుకునే చేత్తో ఫోన్ పట్టుకుని, దళం నేర్పినట్టే సమాధానం రాశాడు. 'నీళ్లు నచ్చకపోతే సముద్రానికి పోండి ఎర్రిపప్పల్లారా.' దానికి నాలుగు వందలమంది నవ్వు బొమ్మలు పెట్టారు. నెలలో అత్యుత్తమ ప్రతిస్పందనగా నేనే దాన్ని ఎంపిక చేశాను. వాక్యం బిగువుగా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి.

పదిహేను రోజుల తర్వాత నూకరత్నం మళ్లీ వచ్చింది. ఈసారి అర్జీ లేదు, సీసా లేదు.

"నలుగురు పిల్లల్ని పెద్దాసుపత్రిలో ఎట్టినారు బాబూ. వాంతులు, విరేచనాలు. సెలైను ఎక్కుతన్నాది. అందల ఒకడికి మూడేళ్లు. మీకు తెలవాలని సెప్పినాను."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండును. కుడి గడిలో వేసుకుని చేతులు దులుపుకునేవాణ్ణి. ఆవిడ తిట్టలేదు. చెప్పాల్సింది చెప్పి, హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. ఆ రెండు గడులూ గీసింది నేనేనన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పాను గాని మంచినీళ్ల గ్లాసు ఎత్తలేకపోయాను.

లేచి కమిషనర్ గారి గదిలోకి వెళ్లాను. ఇరవై ఆరేళ్లలో పిలవకుండా వెళ్లడం అదే మొదటిసారి. మూడో గడి ఒకటి కావాలండీ అన్నాను. అందులో ఏం వేస్తావని ఆయన అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్ల మాటలు వేస్తానన్నాను.

ఆయన ముఖంలోనూ ఏదో కదిలిన మాట నిజం. కాని మరదలి ఫోన్ గుర్తొచ్చినట్టుంది.

"దక్షిణామూర్తీ, నిర్భావ వ్యక్తీకరణలకి సూచికలో స్థానం లేదు" అన్నారు. "ఒకసారి ఆ గడి తెరిచామంటే అందరూ అందులోనే పడతారు. అప్పుడు మనం పని చెయ్యాల్సి ఉంటుంది."

ఆయన అది వ్యంగ్యంగా అనలేదు. పాలనాపరమైన ఇబ్బందిగానే చెప్పారు. నేను కూడా పాలనాపరంగానే తలూపి బయటికి వచ్చాను.

వచ్చి నా సీట్లో కూర్చుని, నా జీవితంలోకెల్లా పెద్ద సాహసం చేశాను. పురపాలక సంఘం పేజీ తెరిచి, నా పేరుతో, నా హోదాతో ఇలా రాశాను. 'బట్టీవీధి నీళ్లలో మురుగు కలుస్తోంది. నలుగురు పిల్లలు ఆసుపత్రిలో ఉన్నారు. పైపు వెంటనే మార్చాలి.' అందులో 'తగు చర్య' లేదు, 'బడును' లేదు. ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది. కళ్లు మూసుకుని మీట నొక్కేశాను.

పది నిమిషాలు ఏమీ జరగలేదు. పదకొండో నిమిషంలో మొదటి వ్యాఖ్య పడింది.

'దక్షిణామూర్తి గారు తోపు.'

నాలుగు మార్కులు. మా అధికారిక పట్టిక నాకు నోటికి వచ్చు కదా, వద్దనుకున్నా లెక్క పడిపోయింది. వెంటనే ఇంకొకటి. 'గుమాస్తా అంటే ఇలా ఉండాలి, ఊర మాస్.' ఎనిమిది. 'ముసలాయన ఇరగదీశాడు' అన్నారు, 'సింహం సీట్లోంచి లేచింది' అన్నారు. ఎవరో నా సర్వీసు రిజిస్టరు ఫొటో సంపాదించి, వెనకాల మంటలు పెట్టి, నా బట్టతల మీద మెరుపులు పెట్టారు. చూడ్డానికి బాగానే ఉంది. ఆ తర్వాత వేరే పక్షం దిగింది. 'ఎవడీ కామెడీ పీస్' అంది. 'రిటైర్మెంట్ ముందు బిల్డప్' అంది. నా పక్షం వాళ్లు వాళ్ల మీద పడ్డారు. నేనెరగనివాళ్లు నాకోసం ఒకరి తల్లిదండ్రుల్ని ఒకరు తిట్టుకుంటున్నారు. ఇంత అభిమానం నా మీద ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో అనుకున్నాను.

కమిషనర్ గారు ఎర్రబడ్డ ముఖంతో వచ్చి, సూచిక చూసి, విప్పారిన ముఖంతో నిలబడిపోయారు. నన్ను పొగిడిన మాటలన్నీ మా పేజీలోవే కనుక పురపాలక సంఘం ఖాతాలోనే జమయ్యాయి. జిల్లాలో పందొమ్మిదో స్థానంలో ఉన్న పాతగరువు రెండో స్థానానికి ఎగబాకింది. ఆయన నా భుజం తట్టి, మీ నిర్భయత్వం కార్యాలయ వ్యూహంలో భాగంగా పరిగణించబడుతుంది అన్నారు. ఎంత బాగా అన్నారో అనుకున్నాను.

వ్యాఖ్యలు చూసి ఎవరో చెప్పారట, నూకరత్నం ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. ఆవిడ వస్తుందని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పి, చూడమ్మా, పదహారు వందలు దాటాయి అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినబడింది. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని, వంగి, ఒక్కొక్కటీ చదివింది. పోలినాయుడు పక్కన నిలబడి కిందికి జరుపుతూ ఉన్నాడు. చాలాసేపు చదివింది.

"ఇందల నీల్ల సంగతి ఎవులు రాసినారండి?" అంది.

పోలినాయుడు తెరని పైకి జరిపాడు, కిందికి జరిపాడు. నేనూ వెతికాను. పదహారు వందల నలభై రెండింటిలో నీళ్లు అన్న మాట ఒకేఒక్కచోట ఉంది. ఎవరో నా ఫొటో చూసి కళ్లల్లో నీళ్లు తిరిగాయని రాశారు.

ఆవిడ వెనుదిరిగి మెట్లెక్కి పైహాల్లోకి వెళ్లింది. ఏం గొడవ జరుగుతుందోనని నేను సగం మెట్లదాకా వెళ్లి ఆగిపోయాను. దళమంతా తలలు వంచుకుని ఫోన్లు నొక్కుతోంది. నా మీద వచ్చిన ఎగతాళికి వాళ్లే సమాధానాలు రాస్తున్నారు. ఆవిడ సూర్రావు కుర్చీ ముందు నిలబడింది. సముద్రానికి పొమ్మన్నది ఇతనేనని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసని అతనికీ తెలుసు. అతను తలెత్తలేదు.

"సూర్రావూ, ఆ పైపు ఎక్కడ పగిలిందో నీకు తెలుసా?"

"తెలుసు పిన్నీ. కల్వర్టు కింద రెండో జాయింటు."

"బాగుసెయ్యడానికి ఎంతసేపు?"

"రెండు గంటలు."

"అయితే లెగు."

సూర్రావు ఫోన్ బల్ల మీద పెట్టి లేచాడు. "నెల్లాళ్లయింది పిన్నీ, ఎవులూ నన్ను ఈ మాట అడగనేదు" అన్నాడు. రెండో ఫిట్టర్ కూడా అతని వెనకే లేచాడు. హాలు పక్కన స్టోర్ గదికి తాళం వేసి ఉంటే పోలినాయుడు తాళం తీశాడు. గునపం ఒకరు, రెంచీలు ఒకరు, కొత్త జాయింటు ఒకరు పట్టుకుని నా పక్కనుంచే మెట్లు దిగారు. పోలినాయుడు పార భుజాన వేసుకుని, గురువుగారూ, వస్తారా అని నన్ను అడిగాడు.

నిజం చెప్తున్నాను, వెళ్దామనే అనుకున్నాను. కిందికి వచ్చి చెప్పుల్లో కాళ్లు కూడా పెట్టాను. అంతలో నా మీద వ్యాఖ్యలు పదిహేడు వందలు దాటుతున్నాయని పక్క సీటు వాళ్లు కేకేశారు. ఇప్పుడే వస్తాను, మీరు పదండి అన్నాను. వెళ్లి కూర్చున్నాను. రెండు వేలు దాటేదాకా అక్కడే కూర్చున్నాను. ఐదున్నరకి ఆఫీసు కట్టేసినప్పుడు లేచాను.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బట్టీవీధికి బయల్దేరాను. పని ఎలా జరిగిందో పరిశీలించాలని ఇంట్లో చెప్పాను. అసలు ఉద్దేశం అది కాదు. రెండు వేలమంది తోపన్న మనిషి తమ వీధిలోకి నడిచివస్తే జనం ఏమంటారో వినాలని ఉంది. ఎవరైనా దండ వేస్తే వద్దు వద్దంటూ ఎలా వంగాలో దారిలో అనుకుంటూ వెళ్లాను.

కల్వర్టు దగ్గర గొయ్యి పూడ్చి ఉంది, మట్టి ఇంకా తడిగానే ఉంది. రాత్రి ఆసుపత్రి నుంచి నలుగురు పిల్లల్నీ ఇంటికి పంపేశారని ఎవరో ఎవరితోనో అనుకుంటుంటే వినబడింది. అంగన్‌వాడీ ముందు కుళాయి తిప్పి ఉంది, నీళ్లు తేటగా బిందెలోకి పడుతున్నాయి. నేను సరిగ్గా ఆ కుళాయి పక్కనే, అందరికీ కనబడేలా నిలబడ్డాను. ఎవరూ నావైపు చూడలేదు. నూకరత్నం లోపల్నుంచి స్టీలు గ్లాసుల పళ్లెంతో వచ్చింది. ఆవిడ వెనక పిల్లలు వరసగా ఉన్నారు. నన్ను చూసి ఆగింది. నేను కొంచెం నవ్వి, చొక్కా సర్దుకుని, ఆవిడ నోటివెంట వచ్చే మాటకోసం ఎదురుచూశాను.

"కూసింత పక్కకి జరగండి బాబూ. పిల్లలు నీల్లు తాగాల."

జరిగాను. ఆ వీధికి నేను చేసిన పని అదొక్కటే.